ఒకరి మంచి మనసును ఇంగ్లీషులో చెప్పడం ఎలా? నల్లగొండ, పాలమూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా వైపు పిల్లలు ఊరి దాత గురించి తెలుగులో ధారాళంగా చెబుతారు. ఎవరు బడికి స్థలం ఇచ్చారు, ఎండాకాలంలో ఎవరు బస్టాండు ముందు అంబలి పోశారు, ఎవరు ఆడపిల్ల పెళ్లికి అడగకుండానే బియ్యం పంపారు అని పేరుపేరునా చెప్పగలరు. అదే సంగతి ఇంగ్లీషులో చెప్పమంటే "హి ఈజ్ ఎ వెరీ గుడ్ మ్యాన్" దగ్గర ఆగిపోతారు. ఆ మనిషి చేసిన పని వినేవాళ్లకు చేరకుండానే పోతుంది. ఇది నాకు బాధగా ఉంటుంది. స్పోకెన్ ఇంగ్లీషు తరగతుల్లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఎక్కడైనా సరిపోయే ఒక్క మాట ఉందా?

ఉంది. "జెనరస్". ఉత్తరంలో, ఇంటర్వ్యూలో, వేదిక మీద, ఇంట్లో కబుర్లలో ఎక్కడ వాడినా తప్పు కాదు. లాటిన్‌లో దీని మూలానికి ఉన్నత వంశంలో పుట్టినవాడు అని అర్థం. పుట్టుకను చెప్పిన మాట కాలక్రమంలో గుణాన్ని చెప్పే మాటగా మారింది.

ఈ మాట పక్కన ఏ చిన్న మాట చేర్చాలో తెలియకే చాలామంది తడబడతారు. ఇచ్చే వస్తువు ముందు "విత్" వస్తుంది: "షి ఈజ్ జెనరస్ విత్ హర్ టైమ్". పుచ్చుకునే మనిషి ముందు "టు" వస్తుంది: "హి వాజ్ జెనరస్ టు అస్". ఎదుటివారికి కృతజ్ఞత చెప్పేటప్పుడు "ఆఫ్" వస్తుంది: "ఇట్ వాజ్ జెనరస్ ఆఫ్ యు టు పే మై ఫీజ్". ఈ మూడు వాక్యాలను నోటికి వచ్చేదాకా పైకి చదవండి. మిగతావన్నీ వీటి మీదే నిలబడతాయి.

డబ్బు ఇచ్చేవారినే జెనరస్ అనాలా?

అక్కర్లేదు. రిటైరైన మాస్టారు ఒకరు సాయంత్రం పూట వాడకట్టు పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టుకుని ఫీజు లేకుండా లెక్కలు చెబుతారనుకోండి. ఆయన ఇస్తున్నది కాలం, చదువు. "హి ఈజ్ జెనరస్ విత్ హిజ్ టైమ్ అండ్ నాలెడ్జ్" అంటే నిండుగా ఉంటుంది. తోటివారి పనిని మనసారా మెచ్చుకునేవారిని "జెనరస్ విత్ ప్రెయిజ్" అంటారు.

ఓడిపోయిన ప్రత్యర్థిని చిన్నబుచ్చకుండా గౌరవించేవారికి, తనకు కీడు చేసినవారిని క్షమించేవారికి ఇంకో మంచి మాట ఉంది, "మాగ్నానిమస్". సర్పంచి ఎన్నికల్లో గెలిచిన మనిషి మర్నాడు ఉదయమే ఓడినవారి ఇంటికి వెళ్లి, ఊరి పనులు కలిసి చేద్దామని అడిగితే ఈ మాట చక్కగా అతుకుతుంది. లాటిన్‌లో దీని అర్థం గొప్ప ఆత్మ గలవాడు. మనకు మహాత్ముడు అనే మాట ఉంది కాబట్టి దీని బరువు మనకు తొందరగా అందుతుంది. అన్నదానం చేసినవారికి మాత్రం దీన్ని వాడకండి.

కైండ్, హెల్ప్‌ఫుల్, జెనరస్ ఒకటేనా?

దగ్గరివే కానీ ఒకటి కావు. మెత్తగా మాట్లాడి, ఎదుటివారి కష్టం తెలుసుకునే మనిషి కైండ్. పనిలో చెయ్యి వేసేవారు హెల్ప్‌ఫుల్. తన దగ్గర ఉన్నదాన్ని, అడిగినదానికన్నా ఎక్కువగా ఇచ్చేవారు జెనరస్. ఒకే మనిషిలో మూడూ ఉండవచ్చు. అలాంటప్పుడు మూడూ చెప్పండి, కానీ ప్రతి మాటకూ ఒక పని చూపించండి.

మన దగ్గర బాగా పాతుకుపోయిన వాక్యం ఒకటుంది: "హి ఈజ్ హావింగ్ హెల్పింగ్ నేచర్". ఇందులో రెండు సవరణలు చేయాలి. గుణం ఎప్పుడూ ఉండేది కాబట్టి "హావింగ్" పోయి "హాజ్" రావాలి. "హెల్పింగ్ నేచర్" అన్నది మన దేశంలో అందరికీ అర్థమవుతుంది గానీ బయటివారి చెవికి కొత్తగా వినిపిస్తుంది. "హి ఈజ్ ఆల్వేస్ రెడీ టు హెల్ప్" అనండి. ఎవరికైనా అర్థమవుతుంది, వినడానికీ బాగుంటుంది.

"ఆయన చేతికి ఎముక లేదు" అన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

మాటకు మాట పెడితే వినేవారు ఆయనకేదో జబ్బు చేసిందనుకుంటారు. ఇంగ్లీషులో కూడా చేతిని పట్టుకునే చెప్పే మాట ఉంది, "ఓపెన్ హ్యాండెడ్". చెయ్యి ముడుచుకోనివాడు అని. దీన్ని "ఓపెన్ మైండెడ్"తో కలిపేయకండి. అది కొత్త ఆలోచనలను విని స్వీకరించేవారికి వాడే మాట.

"అడిగితే లేదనడు" అన్నదానికి "హి నెవర్ సేస్ నో" సరిపోతుంది. "ఆమె గుమ్మం తొక్కినవారు ఆకలితో వెళ్లరు" అన్నదానికి "నో వన్ లీవ్స్ హర్ హౌస్ హంగ్రీ" అనండి. ఈ వాక్యం నాకు చాలా ఇష్టం. జొన్నరొట్టె చేసి పెట్టి, కూర లేదని నొచ్చుకునే మన పెద్దమ్మలందరికీ ఇది సరిపోతుంది. "వెన్నలాంటి మనసు"కు "సాఫ్ట్ హార్టెడ్" ఉంది.

దానకర్ణుడు అనాలనిపిస్తే అనండి, కానీ వెంటనే ఒక్క ముక్క జోడించండి: మహాభారతంలో ఒంటిని అంటిపెట్టుకుని పుట్టిన కవచాన్ని, కుండలాలను అడిగితే కోసి ఇచ్చినవాడు అని. కథ తెలియని వారికి కూడా ఆ ఒక్క పనితో కర్ణుడు ఎవరో తెలిసిపోతాడు.

"హార్ట్" ఉన్న పదబంధాలు చాలా ఉన్నాయి. ఏది ఎప్పుడు?

"షి హాజ్ ఎ బిగ్ హార్ట్" అంటే ఇచ్చే గుణం ఉన్న మనిషి. "షి హాజ్ ఎ హార్ట్ ఆఫ్ గోల్డ్" అంటే లోపల మచ్చలేని మంచితనం ఉన్న మనిషి. పైకి గట్టిగా మాట్లాడుతూ లోపల మెత్తగా ఉండేవారికి రెండోది బాగా నప్పుతుంది. ఇందులో డబ్బు ప్రసక్తి ఉండనవసరం లేదు. "గోల్డెన్ హార్ట్" అని తిప్పి రాయకండి, వాడుకలో ఉన్న రూపం "హార్ట్ ఆఫ్ గోల్డ్" మాత్రమే.

చొక్కా విప్పి ఇస్తాడు అనే మాట ఏమిటి?

"హి వుడ్ గివ్ యు ద షర్ట్ ఆఫ్ హిజ్ బ్యాక్". తన ఒంటి మీది చొక్కా కూడా తీసి ఇచ్చేస్తాడు అని. చివరిది అయినా సరే ఇస్తాడు అన్నది ఇందులో బలం. అందుకే నాలుగు మిల్లులున్న ఆసామికన్నా, పొట్ట చేత పట్టుకుని వలస పోయిన మనిషికి ఇది ఎక్కువ తగినది. పాలమూరు నుంచి పనులకు వెళ్లిన వారిలో ఇలాంటివారు ఎందరో. తట్టలు మోసి సంపాదించిన కూలిలోంచి, పక్క గుడిసెలో జ్వరంతో పడుకున్న మనిషికి మందులు తెచ్చేవారు. అలాంటి మనిషిని గురించి చెప్పేటప్పుడు ఈ మాట కొంచెం కూడా అతిశయోక్తి కాదు. ఆడవారికి "హర్ బ్యాక్" అని మారుస్తారు. ఇది ఇంటి మాట. కలెక్టరు గారికి రాసే ఉత్తరంలో వాడకండి.

"గోయింగ్ ది ఎక్స్‌ట్రా మైల్" ఎక్కడి నుంచి వచ్చింది?

బైబిల్ నుంచి. రోమన్ల పాలనలో సైనికుడు దారిన పోయేవాడిని ఆపి, తన మూట ఒక మైలు మోయమని బలవంతం చేయగలిగేవాడు. అలా ఒక మైలు నడిపిస్తే నువ్వు రెండు మైళ్లు నడువు అని యేసు చెప్పినట్టు మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో ఉంది. చేయవలసినదానికి మించి చేయడం అనే అర్థం అక్కడి నుంచే వచ్చింది. ఉద్యోగ ధర్మం దాటి పని చేసేవారికి ఇది సరైన మాట. ప్రసవం దగ్గరపడిన గర్భిణిని తానే వెంటపెట్టుకుని ఆసుపత్రిలో చేర్చి, తెల్లారేదాకా అక్కడే కూర్చున్న ఆశా కార్యకర్త గురించి "షి వెంట్ ది ఎక్స్‌ట్రా మైల్" అనండి. ఇది డబ్బు దానానికి వాడే మాట కాదు.

హైవే మీద ప్రమాదంలో పడినవారిని కాపాడిన మనిషిని ఏమనాలి?

"గుడ్ సమారిటన్". మన ప్రాంతానికి ఇది చాలా అవసరమైన మాట. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా పోతుంది. 44వ నంబరు రహదారి జడ్చర్ల మీదుగా దక్షిణానికి పోతుంది. ఆ రోడ్ల పక్కన చాయ్ దుకాణాలు నడిపేవారు, పంక్చర్లు వేసేవారు ఎన్ని ప్రాణాలు కాపాడారో లెక్కకు అందదు. వారి గురించి రాసేవారు తక్కువ. మీరు రాయండి.

ఈ మాట వెనక లూకా సువార్తలోని కథ ఉంది. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్లే దారిలో దొంగలు ఒక మనిషిని కొట్టి పడేస్తారు. యాజకుడు చూసి పక్కనుంచి వెళ్లిపోతాడు. దేవాలయపు పనులు చూసే లేవీయుడూ అంతే. యూదులు దూరం పెట్టే సమరయ జాతివాడు ఒకడు ఆగి, గాయాలకు కట్టుకట్టి, సత్రానికి చేర్చి, ఖర్చుకు డబ్బు ఇచ్చి వెళతాడు. తెలియని మనిషికి సాయం చేయడం ఇందులో ముఖ్యం. తమ్ముడిని ఆసుపత్రికి తీసుకువెళ్లిన అన్నకు ఈ మాట వాడరు.

మన చట్టంలోనూ ఇదే మాట ఉంది. ప్రమాద బాధితులకు సాయం చేసేవారిని కాపాడే మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం 134ఏ సెక్షన్‌ను చేర్చింది. సదుద్దేశంతో సాయం చేసిన మనిషి మీద, బాధితుడికి జరిగిన నష్టానికి కేసు పెట్టకుండా అది రక్షణ ఇస్తుంది. ఇంగ్లీషు మాట నేర్చుకునేటప్పుడు ఈ సంగతి కూడా ఇంట్లో అందరికీ చెప్పండి. కేసు అవుతుందన్న భయంతోనే చాలామంది ఆగకుండా వెళ్లిపోతారు.

పెద్ద మొత్తం ఇచ్చినవారికి ఏ మాట?

"డోనర్" మామూలు మాట. రక్తం ఇచ్చినా, బెంచీలు ఇచ్చినా డోనరే. "బెనిఫాక్టర్" అంటే ఒక బడికో మనిషికో అండగా నిలిచిన ఉపకారి. "ఫిలాంత్రపిస్ట్" అన్నది ఇంకా పెద్దది. సమాజం కోసం భారీగా, ఏళ్ల తరబడి ఇచ్చేవారికి వాడతారు. అమెరికాలో ఉక్కు వ్యాపారంలో సంపాదించి, వివిధ దేశాల్లో 2,509 గ్రంథాలయాలకు డబ్బు ఇచ్చిన ఆండ్రూ కార్నెగీ ఆ కోవకు చెందినవారు. బడికి రెండు ఫ్యాన్లు ఇచ్చిన మనిషిని ఫిలాంత్రపిస్ట్ అంటే, వినేవారికి పొగడ్త ఎక్కువైనట్టు అనిపించి, నిజంగా ఇచ్చిన ఆ రెండు ఫ్యాన్లు కూడా తేలికైపోతాయి. "ఎ జెనరస్ డోనర్" అంటే చాలు.

పోచంపల్లి భూదానం గురించి విదేశీయులు అడిగితే ఎలా చెప్పాలి?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఉత్సాహం వస్తుంది. విశేషణం ఒక్కటి కూడా లేకుండా ఔదార్యాన్ని ఎలా చెప్పవచ్చో ఇక్కడే బాగా తెలుస్తుంది.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే అప్పటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లికి వచ్చారు. ఊరి దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగాయి. ప్రభుత్వాన్ని అడగడం ఒక దారి. కానీ వినోబా, ఈ ఊరివారే ఎవరైనా ఇవ్వగలరా అని అక్కడున్నవారిని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది.

దీన్ని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు చాలామంది "వెరీ వెరీ గ్రేట్, వెరీ జెనరస్" అని మొదలుపెడతారు. అది వద్దు. "దే ఆస్క్‌డ్ ఫర్ ఎయిటీ ఏకర్స్. హి ఆఫర్డ్ ఎ హండ్రెడ్." ఈ రెండు చిన్న వాక్యాల తర్వాత ఒక్క క్షణం ఆగండి. వినేవారి ముఖం మారుతుంది. అడిగింది ఎంత, ఇచ్చింది ఎంత అన్న లెక్క చెప్పినంత బలంగా ఏ పొగడ్తా చెప్పలేదు. మీ ఊరి దాత గురించి చెప్పేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించండి. ఎంత ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఇచ్చాక తమకు ఏం మిగిలింది అన్నవి ముందు చెప్పండి. విశేషణం తర్వాత, ఒక్కటే.

పేదవారు ఇచ్చిన చిన్న కానుకను ఎలా చెప్పాలి?

"షి గేవ్ వాట్ లిటిల్ షి హాడ్". ఉన్న కొంచెంలోనే ఇచ్చింది అని. చెర్వుగట్టు జాతరలోనో, కురుమూర్తి జాతరలోనో కొంగు ముడి విప్పి పది రూపాయలు అన్నదానానికి ఇచ్చే ముసలమ్మకు ఈ వాక్యం కన్నా మంచిది దొరకదు.

"ద విడోస్ మైట్" అనే మాట కూడా ఉంది. దేవాలయపు కానుకల పెట్టెలో పేద విధవరాలు వేసిన రెండు చిన్న నాణేలే ధనికులు వేసినవాటికన్నా ఎక్కువని యేసు చెప్పిన కథ దీని మూలం. చదివినప్పుడు అర్థం కావడానికి తెలుసుకోండి. మనిషి ముఖాన మాత్రం అనకండి. ఆమె పేదరికాన్నీ వైధవ్యాన్నీ ఎత్తిచూపినట్టవుతుంది.

పొగడ్త అనుకుని వాడితే నింద అయ్యే మాటలు ఉన్నాయా?

ఉన్నాయి, జాగ్రత్త. అన్నిటికన్నా ప్రమాదకరమైనది "స్పెండ్‌థ్రిఫ్ట్". "థ్రిఫ్ట్" అంటే పొదుపు కాబట్టి ఇది మంచి మాట అనుకునేవారు కొందరు, ధారాళంగా ఖర్చుపెట్టే దాత అనుకునేవారు కొందరు. రెండూ కావు. డబ్బు తగలేసేవాడు అని దీని అర్థం. "లావిష్" విందుకు సరిపోతుంది, మనిషికి వాడితే దుబారా ధ్వనిస్తుంది. "సాఫ్ట్ టచ్" అంటే ఎవరైనా సులువుగా డబ్బు రాబట్టుకోగల అమాయకుడు.

"జెనరస్ టు ఎ ఫాల్ట్" అంటే తనకే నష్టం కలిగేంతగా ఇచ్చేవాడు. ఇది ప్రేమతో అనే మాటే, కానీ అందులో చిన్న ఆందోళన కూడా ఉంటుంది. "లిబరల్" అన్నది పాత ఉత్తరాల్లో ఉదారుడు అన్న అర్థంలో కనిపిస్తుంది. ఇప్పుడు మనిషిని లిబరల్ అంటే రాజకీయ భావాల గురించి అనుకుంటారు. మానుకోవడం మేలు.

"చారిటీ" అనవచ్చా?

సంస్థ గురించి అయితే అనవచ్చు. పుచ్చుకున్నవారి ఎదుట మాత్రం ఆలోచించి అనండి. "దే లివ్ ఆన్ చారిటీ" అంటే వారు దానం మీద బతుకుతున్నారని, అందులో చిన్నచూపు ఉంది. స్కాలర్‌షిప్ అందుకున్న అమ్మాయి పక్కన నిలబడి ఉండగా ఆ మాట అంటే ఆమె తల దించుకోవలసి వస్తుంది. "సపోర్ట్" అనండి, "కాంట్రిబ్యూషన్" అనండి. ఇచ్చినవారి గొప్పతనం పుచ్చుకున్నవారి పరువు ఖర్చుతో చెప్పకూడదు. ఇది నేను గట్టిగా చెప్పే విషయం.

బడిలో ఫ్యాను మీద, బెంచీ మీద దాత పేరు ఇంగ్లీషులో ఎలా రాయించాలి?

"డొనేటెడ్ బై" అని రాసి పేరు పెట్టించండి. ఎవరి పేరున ఇస్తున్నారో కూడా రాయించాలంటే, ఆ మనిషి చనిపోయి ఉంటే "ఇన్ మెమరీ ఆఫ్", బతికి ఉంటే "ఇన్ ఆనర్ ఆఫ్". పెయింటరుకు చెప్పే ముందు దీన్ని తప్పనిసరిగా చూసుకోండి. మొదటిది జ్ఞాపకార్థం అని. నిండు నూరేళ్లు బతకవలసిన తాత పేరు దాని పక్కన రాయించకూడదు.

నాకు ఎవరైనా బహుమతి ఇచ్చినప్పుడు ఇంగ్లీషువారు అనే మాటలు అర్థం కావు.

మూడింటిని గుర్తుపెట్టుకోండి. "యు షుడంట్ హావ్" అంటే ఎందుకు తెచ్చావని కోప్పడటం కాదు, "అయ్యో, ఎందుకండీ ఇవన్నీ" అనే మన మర్యాదే. "ఇట్స్ ఆన్ మి" అంటే బిల్లు నేను కడతాను అని. "హెల్ప్ యువర్‌సెల్ఫ్" అంటే నీ తిప్పలు నువ్వు పడు అని కాదు, మొహమాటపడకుండా వడ్డించుకో అని.

పలికేటప్పుడు ఎక్కడ ఒత్తి పలకాలి?

"జెనరస్"లో మొదటి అక్షరం మీద. "జెనరాసిటీ"కి వచ్చేసరికి ఆ ఒత్తిడి "రా" మీదికి మారుతుంది. "ఫిలాంత్రపిస్ట్"లో "లాన్" మీద, "మాగ్నానిమస్"లో "నా" మీద.

ఐఈఎల్‌టీఎస్‌లో "మీకు తెలిసిన ఉదార స్వభావి గురించి చెప్పండి" అని అడిగితే?

విదేశీ చదువుల కోసం రాసే ఈ ఇంగ్లీషు పరీక్షలో, మాట్లాడే విభాగం రెండో భాగంలో ఇలాంటి ప్రశ్న వస్తుంది. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. కోచింగ్ నోట్సులోని కోటీశ్వరుడిని చెప్పకండి. మీ ఊరి మనిషినే చెప్పండి. అందరూ చెప్పే పేరు కన్నా మీరు కళ్లారా చూసిన మనిషి గురించి మాటలు సులువుగా వస్తాయి, ప్రశ్న మీద ప్రశ్న అడిగినా జవాబు ఉంటుంది. ఆ ఒక్క నిమిషంలో పదాలు వెతుక్కోవద్దు. ఆ మనిషి చేసిన ఒక పనిని గుర్తుచేసుకోండి. ఎప్పుడూ చేసే పనికి వర్తమానం వాడండి, ఆ ఒక్కరోజు జరిగినదానికి భూతకాలం వాడండి. చనిపోయినవారి గురించి అయితే మొత్తం భూతకాలమే: "షి నెవర్ టర్న్‌డ్ ఎనీవన్ అవే". ఎవరినీ వట్టి చేతులతో పంపలేదు అని.

విదేశంలో ఉండే దాత మా కాలేజీ ఫీజు కట్టారు. ధన్యవాదాలు ఎంత పొడవు రాయాలి?

మూడు వాక్యాలు చాలు. మొదటిది: "థాంక్ యు ఫర్ యువర్ జెనరాసిటీ". రెండోది, ఆ డబ్బుతో ఏం జరిగిందో, ఉదాహరణకు ఏ సెమిస్టరు ఫీజు కట్టారో. మూడోది, మీరిప్పుడు ఏం చదువుతున్నారో. దేవుడు, అవతారం అని రాయకండి. పరీక్షలు అయ్యాక మార్కులు చెబుతూ ఇంకొక చిన్న ఉత్తరం రాయండి. చాలామంది ఆ రెండోది రాయరు, దాతలు ఎదురుచూసేది దానికోసమే.